పత్తి విత్తనం వెనుక లైసెన్సు పత్రం

జర్మనీకి చెందిన బేయర్ 2018లో అమెరికా కంపెనీ మోన్‌శాంటోను కొనేసింది. సుమారు 6,600 కోట్ల డాలర్ల బేరమది. దానికి మన దేశంలో అనుమతి ఇస్తూ కాంపిటీషన్ కమిషన్ కొన్ని షరతులు పెట్టింది. వాటిలో పత్తి రైతుకు అన్నిటికంటే దగ్గరగా తగిలేది ఒకటుంది. పురుగును తట్టుకునేవి, కలుపు మందును తట్టుకునేవి, ఇలాంటి విత్తన సాంకేతికతలను అర్హత ఉన్న దేశీయ కంపెనీలకు న్యాయమైన షరతులపై, వివక్ష లేకుండా లైసెన్సు ఇవ్వాలి. ఏ ఒక్కరికో రాసివ్వకూడదు. ఈ షరతు ఆయుష్షు ఏడేళ్లు. 2018 నుంచి లెక్కపెట్టుకుంటే అది తీరిపోయింది. ఎకరాల లెక్కలో వరి తర్వాత పత్తే పెద్ద పంట అయిన తెలంగాణలో ఆ సంగతి విత్తనాల సీజను హడావుడిలో కలిసిపోయింది.

అల్మాస్‌గూడలో కూర్చుని చూస్తే ఇదంతా ఢిల్లీ, బెర్లిన్ వ్యవహారంలా ఉంటుంది. కానీ అక్కడి నుంచి సాగర్ రోడ్డెక్కి ఇబ్రహీంపట్నం, యాచారం, మాల్ దాటితే దేవరకొండ దాకా వానమీద ఆధారపడ్డ పత్తి చేలే. బీఎన్ రెడ్డి నగర్, మీర్‌పేట, కర్మన్‌ఘాట్ కాలనీల్లో ఇళ్లు కట్టుకున్నవాళ్లలో నల్లగొండ, పాలమూరు పల్లెల్లో ఇంకా మూడు నాలుగెకరాలు మిగుల్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. మృగశిర దగ్గరపడగానే ఊళ్లోని అన్న ఫోను చేసి “ప్యాకెట్లు తేవాలె తమ్మీ, పైసలు కొట్టు” అంటాడు. 2025లో రెండో తరం బీటీ పత్తి, అంటే బోల్‌గార్డ్-2 (బీజీ-2), ప్యాకెట్టుకు కేంద్రం కట్టిన గరిష్ఠ ధర 901 రూపాయలు. అందులో సాంకేతికత సొంతదారుకు వెళ్లే రాయల్టీ సున్నా. ఇరవయ్యేళ్ల కిందట లెక్క పూర్తిగా తలకిందులుగా ఉండేది.

పురుగును తట్టుకునే బీటీ పత్తికి 2002 మార్చిలో అనుమతి వచ్చింది. దేశీయ విత్తన కంపెనీ మహికో, మోన్‌శాంటో సగం సగం వాటాతో పెట్టుకున్న మహికో మోన్‌శాంటో బయోటెక్ బీటీ జన్యువును విత్తన కంపెనీలకు సబ్ లైసెన్సు మీద ఇచ్చేది. నూజివీడు వారి మల్లిక, బన్నీ కావచ్చు, కావేరి వారి జాదూ కావచ్చు, ప్యాకెట్టు మీద పేరు ఎవరిదైనా లోపలి జన్యువు ఒకే చోటి నుంచి వచ్చిందే. లైసెన్సుకు ముందుగా 50 లక్షల రూపాయలు కట్టాలి. ఆపైన ప్యాకెట్టుకింత అని ట్రెయిట్ ఫీజు. అప్పట్లో 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్ముడుపోతే, అందులో 1,250 రూపాయలు ఈ ఫీజే. గద్వాల చేలల్లో పువ్వు పువ్వుకూ క్రాసింగ్ చేసిన కూలీ, విత్తన రైతు, ఆర్గనైజర్, శుద్ధి, రవాణా, డీలరు కమీషన్, కంపెనీ లాభం అన్నీ మిగిలిన ఆ కాస్తలోనే సర్దుకోవాలి.

ఇంకో సంగతి ఉంది. మొదటి తరం బోల్‌గార్డ్ జన్యువుకు మన దేశంలో పేటెంటు లేదు. పేటెంటు లేని చోట లైసెన్సు ఒప్పందమే పేటెంటు పని చేసిపెట్టింది. గుత్తాధిపత్యం అనగానే మనకు పెద్ద పెద్ద ఫ్యాక్టరీలు, మార్కెట్ వాటాలు గుర్తొస్తాయి. ఈ వ్యాపారంలో అది సంతకాలు పడ్డ కాగితాల కట్టలో ఉంది. ఆ కాగితాలను ఎవరు, ఎప్పుడు, ఎంతకాలం తనిఖీ చేయగలరన్నదే ఇక్కడ అసలు ప్రశ్న.

మొదట తనిఖీ చేయించింది మనవాళ్లే. 2006 జనవరిలో నాటి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం గుత్తాధిపత్యాలను విచారించే ఎంఆర్‌టీపీ కమిషన్‌కు ఫిర్యాదు చేసింది. చైనాలో, అమెరికాలో ఇంతకంటే ఎంతో తక్కువ తీసుకుంటూ ఇక్కడి రైతు దగ్గర 1,250 గుంజడమేమిటన్నది వాదన. మే నెలలో కమిషన్ ఫీజు తగ్గించమని మధ్యంతర ఆదేశం ఇచ్చింది. ఆ వెంటనే రాష్ట్రం ప్యాకెట్టు ధరను 750 రూపాయలకు కట్టేసింది, మిగతా రాష్ట్రాలు అదే బాట పట్టాయి. ఆ ధరకు చట్టపరమైన అండ కోసం 2007లో ఉమ్మడి రాష్ట్రం పత్తి విత్తనాల చట్టమే చేసింది. ఒక రాష్ట్ర ప్రభుత్వం ఒక రాయల్టీ ఒప్పందాన్ని పోటీ చట్టం కింద నిలదీసి నెగ్గిన అరుదైన సందర్భమది. అయితే ఆ గెలుపు మరో దారి తొక్కింది. పోటీ కేసు పక్కకు జరిగి, ధరల నియంత్రణ ముందుకొచ్చింది. 2009లో ఎంఆర్‌టీపీ చట్టమే రద్దయింది.

దాని స్థానంలో వచ్చిన కాంపిటీషన్ కమిషన్ ముందుకు ఈ కాగితాలు మళ్లీ వెళ్లడానికి పదేళ్లు పట్టింది. (పత్తి మార్కెట్లో సీసీఐ అంటే మద్దతు ధరకు పత్తి కొనే కాటన్ కార్పొరేషన్ కాబట్టి, ఇక్కడ పోటీ కమిషన్ అనే అందాం.) 2015లో ట్రెయిట్ ఫీజు దగ్గర హైదరాబాద్ కంపెనీ నూజివీడు సీడ్స్‌కూ మహికో మోన్‌శాంటోకూ చెడింది. ఆ నవంబరులో లైసెన్సు రద్దయింది. కేంద్ర వ్యవసాయ శాఖ ఒకవైపు, నూజివీడు ఇంకోవైపు పోటీ కమిషన్ తలుపు తట్టాయి. 2016 ఫిబ్రవరి 10న కమిషన్ దర్యాప్తుకు ఆదేశించింది. ఆ ఆదేశంలో ఫీజు కంటే ఒప్పందపు నిబంధనలమీద రాసిన భాగం శ్రద్ధగా చదవదగ్గది. లైసెన్సు తీసుకున్న కంపెనీ పోటీదారు సాంకేతికతతో పని మొదలుపెట్టాలంటే ముందుగా మహికో మోన్‌శాంటోకు తెలియజేయాలి. ఏదైనా రాష్ట్రం ట్రెయిట్ ఫీజును తగ్గిస్తూ చట్టం తెస్తే ఒప్పందాన్ని రద్దు చేసుకునే హక్కు సంస్థకు ఉంటుంది. రద్దయిన మరుక్షణం అమ్మకాలు ఆపాలి, ఆ జన్యువున్న విత్తన సంపదను వదులుకోవాలి. మేధో హక్కును కాపాడుకోవడానికి ఇంత కఠినత్వం అవసరమని అనిపించడంలేదని కమిషన్ ప్రాథమికంగా తేల్చింది.

రెండో నిబంధనను 2006తో కలిపి చదవాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం రైతు పక్షాన నిలబడితే, ఆ రాష్ట్రంలో విత్తనం అమ్ముకునే కంపెనీ లైసెన్సు పోగొట్టుకునేలా కాగితం తయారైంది. శాసనసభ చేసిన చట్టానికి మూల్యం ప్రైవేటు ఒప్పందంలో వసూలవుతుందన్నమాట. మొదటి నిబంధన ప్రభావం అంతకంటే నెమ్మదిగా, అంతకంటే లోతుగా పనిచేస్తుంది. మన జంటనగరాల్లోనే ఉన్న జేకే అగ్రి జెనెటిక్స్ దగ్గర 2006లోనే ఐఐటీ ఖరగ్‌పూర్ జన్యువుతో చేసిన వేరే బీటీ పత్తి ఉంది. దాన్ని తీసుకుందామనుకున్న ఏ విత్తన కంపెనీ అయినా ముందు తనకు లైసెన్సు ఇచ్చిన మహికో మోన్‌శాంటో చెవిన వేయాలి. సాంకేతికతల నాణ్యతలో తేడా ఉండవచ్చు, బీజీ-2 మెరుగైనదే కావచ్చు. కానీ అంగట్లో తేలాల్సిన ఆ తేడాను ఒప్పందంలోని ఒక పేరా ముందే తేల్చకూడదు కదా.

సరిగ్గా ఈ దర్యాప్తు నడుస్తుండగానే విలీనం వచ్చింది. బేయర్ బేరాన్ని 2016 సెప్టెంబరులో ప్రకటించారు. పోటీ చట్టంలో విలీనాల పరిశీలన ముందుచూపు పని. తప్పు జరిగిందా అని కాదు, ఈ రెండూ ఒకటైతే రేపు ఏమవుతుందని అడగడం. పత్తిలో ఆ ప్రశ్నకు పదును ఎక్కువ. మోన్‌శాంటో దగ్గర బోల్‌గార్డ్ ఉంది, గ్లైఫోసేట్ కలుపు మందు ఉంది. బేయర్ దగ్గర గ్లుఫోసినేట్ అనే మరో కలుపు మందు ఉంది, దాన్ని తట్టుకునే జన్యువులున్నాయి, బోల్‌గార్డ్‌కు పోటీ కాగల ట్విన్‌లింక్ లాంటి సాంకేతికత విదేశాల్లో సిద్ధంగా ఉంది. అంటే బోల్‌గార్డ్‌కు రేపటి పోటీదారు ఎవరు కాగలరో, వాళ్లే దాన్ని కొంటున్నారు. పోటీ కమిషన్ దీన్ని గుర్తించింది. బేయర్ తన పత్తి విత్తన, జన్యు వ్యాపారాన్ని, గ్లుఫోసినేట్‌ను, కూరగాయల విత్తనాలను వదులుకోవాల్సి వచ్చింది. అవి మరో జర్మన్ కంపెనీ బీఏఎస్‌ఎఫ్‌కు వెళ్లాయి. మహికోలో మోన్‌శాంటోకున్న 26 శాతం వాటానూ వదిలించుకోమన్నారు. ఆస్తులు అమ్మించిన ఈ భాగంతో నాకు పేచీ లేదు. అమ్మిన ఆస్తి మళ్లీ వెనక్కి రాదు, దానికి కాపలా అక్కర్లేదు.

లైసెన్సు షరతు అలాంటిది కాదు. దానికి రోజూ కాపలా కావాలి. న్యాయమైన రుసుము ఎంత, ఎవరికి ఇవ్వనన్నారు, ఎందుకన్నారు, ఒప్పందంలో పాత నిబంధనలే కొత్త పేర్లతో వచ్చాయా అన్నవి ఎవరో ఒకరు చూస్తూ ఉండాలి. షరతుల అమలు నివేదికలు కమిషన్‌కు చేరతాయి. వాటిని రైతు సంఘానికో, రాష్ట్ర వ్యవసాయ శాఖకో చూపించాలన్న నియమం చట్టంలో లేదు. గడువు లెక్క కూడా విచిత్రం. పేటెంటు ఆయుష్షు ఇరవయ్యేళ్లు. జన్యు పంట ప్రయోగశాల నుంచి చేలోకి రావడానికే మన దేశంలో పదేళ్లు చాలవు. విలీనమైన సంస్థ కొత్త సాంకేతికతను ఏడేళ్లు బయటపెట్టకుండా ఊరుకుంటే చాలు, షరతు వర్తించే సరుకే ఉండదు. అలా చేశారని నేననడం లేదు. అలా చేసినా అడ్డుకునే ఏర్పాటు షరతులో లేదంటున్నాను.

ఇన్ని లోటుపాట్లున్నా 2018లో అవి చిన్నవిగా కనిపించాయి. విలీన షరతు వీగిపోయినా, ఆధిపత్య దుర్వినియోగం కింద దర్యాప్తు ఎలాగూ ఉంది కదా అనుకోవచ్చు. 2023 జూలై 13న ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచి ఆ రెండో దారి మూసేసింది. స్వీడన్ టెలికాం కంపెనీ ఎరిక్సన్, మోన్‌శాంటోల కేసులను కలిపి విని, పేటెంటు లైసెన్సుల్లో అసమంజసమైన షరతులుంటే చూసుకోవడానికి పేటెంట్ల చట్టమే సంపూర్ణ ఏర్పాటు అని, అక్కడ పోటీ కమిషన్‌కు పని లేదని తేల్చింది. 2020లో అదే హైకోర్టు ఏకసభ్య ధర్మాసనం చెప్పింది దీనికి పూర్తిగా వ్యతిరేకం. కమిషన్ సుప్రీంకోర్టుకు వెళ్లింది. అప్పటికే ఫిర్యాదుదారులు రాజీపడి ఉండటంతో 2025 సెప్టెంబరులో సుప్రీంకోర్టు జోక్యం చేసుకోవడానికి నిరాకరించింది. నూజివీడు, బేయర్ తమ వివాదాలన్నీ 2021 మార్చిలోనే సర్దుకున్నాయి. వివాదానికి మూలమైన పేటెంటు 2019లోనే కాలం చెల్లింది. 2016లో ఆదేశించిన దర్యాప్తు తుది తీర్పు లేకుండానే ముగిసింది.

హైకోర్టు తర్కంలో బలం లేదనలేం. పేటెంటు ఇచ్చే కార్యాలయానికే దాని దుర్వినియోగం తెలుస్తుందన్నది ఒక వాదన. పేటెంట్ల చట్టం 140వ సెక్షన్ లైసెన్సుల్లో కొన్ని రకాల షరతులను చెల్లనివని ప్రకటిస్తుంది కూడా. కానీ రెండు ఇబ్బందులున్నాయి. పోటీదారు సాంకేతికతను వాడకూడదని నిషేధిస్తే 140 కింద అది చెల్లదు. “వాడే ముందు చెప్పు” అంటే నిషేధమెలా అవుతుందని వాదించవచ్చు. పోటీ చట్టం షరతు రూపాన్ని కాదు, మార్కెట్‌లో దాని ఫలితాన్ని చూస్తుంది. రెండో ఇబ్బంది ఇంకా పెద్దది. ఒప్పందం మీద గొడవపడేది సాధారణంగా సంతకం పెట్టిన రెండు పక్షాలే. వాళ్లు రాజీపడితే కథ కంచికి. పోటీ చట్టం 19వ సెక్షన్ కింద ఎవరైనా సమాచారం ఇవ్వవచ్చు, మాల్ దగ్గర రెండెకరాల రైతైనా సరే. రాష్ట్ర ప్రభుత్వమూ నేరుగా నివేదించవచ్చు. 2006లో ఆంధ్రప్రదేశ్ చేసింది దాదాపు అదే. 2023 తీర్పు కంపెనీల మధ్య అధికార పరిధి తగవులా కనిపిస్తుంది గానీ, అది మూసింది ఒప్పందంలో లేని మూడో మనిషి తలుపును.

పేటెంట్ల చట్టం తలుపు ఎంత వెడల్పో హైదరాబాద్‌కే బాగా తెలుసు. కిడ్నీ, కాలేయ క్యాన్సర్ మందు నెక్సావర్‌ను బేయర్ నెలకు 2,80,428 రూపాయలకు అమ్ముతుంటే, 2012 మార్చిలో ఇక్కడి నాట్కో ఫార్మా తప్పనిసరి లైసెన్సు సంపాదించి 8,880 రూపాయలకు ఇచ్చింది. బేయర్‌కు రాయల్టీ 6 శాతం, తర్వాత అప్పీలులో 7 శాతం అయింది. గొప్ప విజయమే. కానీ పేటెంట్ల చట్టం కింద దేశంలో ఇప్పటిదాకా వచ్చిన తప్పనిసరి లైసెన్సు అదొక్కటే. పైగా తప్పనిసరి లైసెన్సు పేటెంటు ఇచ్చిన మూడేళ్ల తర్వాతే అడగగలిగేది. మూడు పత్తి సీజన్లు పోయాక దొరికే లైసెన్సుతో విత్తన కంపెనీ చేసుకునేదేముంది?

ఇక్కడ రైతు సంఘాల మిత్రులకు నచ్చని మాట ఒకటి చెప్పాలి. పోటీ చట్టం చేయని పనిని మనం ధరల నియంత్రణతో చేయించాం, దాని బిల్లు కూడా మనమే కడుతున్నాం. 2015 డిసెంబరులో కేంద్రం పత్తి విత్తన ధరల ఉత్తర్వు తెచ్చింది. 2016 మార్చిలో బీజీ-2 ట్రెయిట్ ఫీజును 49 రూపాయలకు దించింది. తర్వాత 39, తర్వాత 20, 2020లో సున్నా. 2016 మే నెలలోనే కేంద్ర వ్యవసాయ శాఖ లైసెన్సు మార్గదర్శకాలూ ప్రకటించింది: అడిగిన 30 రోజుల్లో లైసెన్సు, ముందస్తు రుసుము 25 లక్షలకు మించకూడదు, రాయల్టీ విత్తన ధరలో 10 శాతం దాటకూడదు. కొద్ది రోజుల్లోనే వెనక్కి తీసుకుని ముసాయిదా అంది. కలుపు మందును తట్టుకునే కొత్త పత్తికి పెట్టుకున్న దరఖాస్తును మహికో ఆ ఏడాదే ఉపసంహరించుకుంది. 2006లో బీజీ-2 తర్వాత మన చేలోకి చట్టబద్ధంగా కొత్త తరం జన్యు పత్తి అంటూ ఏదీ వ్యాపించలేదు. గులాబీ రంగు పురుగు మాత్రం బీజీ-2ను గెలిచేసింది.

ఆ ఖాళీలోకి దూరింది ‘బీజీ-3’ అని పల్లెల్లో పిలుచుకునే గడ్డిమందు పత్తి. అనుమతి లేదు, బిల్లు లేదు, లూజు సంచుల్లో వస్తుంది. హయత్‌నగర్, ఎల్బీనగర్ వైపు పోలీసులు నకిలీ విత్తనాలు పట్టుకున్నారన్న వార్త వానాకాలం ముందు తరచూ చూసేదే. నకిలీ విత్తనాలు అమ్మేవారిపై ముందస్తు నిర్బంధ (పీడీ) చట్టం పెట్టేలా తెలంగాణ చట్టాన్నే సవరించుకుంది. దొంగ విత్తనానికి రాయల్టీ లేదు, లైసెన్సు లేదు, మొలక రాకపోతే అడిగేవాడూ లేడు. గుత్తాధిపత్యాన్ని విరగ్గొట్టబోయి మార్కెట్‌నే చీకట్లోకి నెట్టామా అంటే, కొంతవరకు అవునన్నదే నా సమాధానం. సున్నా రాయల్టీ, 1,250 రాయల్టీ రెండూ పోటీ లేకపోవడానికి రెండు రూపాలు.

మిగతా దేశాలు ఈ చిక్కుముడికి ముందే కొన్ని గుర్తులు పెట్టుకున్నాయి. అమెరికాలో మేధో సంపత్తి లైసెన్సుల మీద పోటీ సంస్థల మార్గదర్శకాలు 1995 నుంచీ ఉన్నాయి, 2017లో తిరగరాశారు. యూరప్ ఏ శాతం మార్కెట్ వాటా దాకా ఏ షరతు ఫరవాలేదో, ఏది ఎట్టి పరిస్థితుల్లోనూ పనికిరాదో నియమావళిలోనే రాసిపెట్టింది. మన చట్టంలో ‘సమంజసమైన షరతులు’ అన్న రెండు మాటలున్నాయి, అంతే. 2023 సవరణలతో విలీనాల పరిశీలన గడువు 210 రోజుల నుంచి 150కి తగ్గింది. 2024 సెప్టెంబరు నుంచి 2,000 కోట్ల రూపాయలు దాటిన బేరాలన్నీ, ఇక్కడ చెప్పుకోదగ్గ వ్యాపారముంటే, కమిషన్ ముందుకు రావాలి. కానీ జన్యువులు మాత్రమే ఉండి ఇక్కడ అమ్మకాలే లేని విదేశీ ప్రయోగశాలను ఎవరైనా కొంటే అది ఈ వలలో పడదు. పేటెంటు లైసెన్సుల మీద దర్యాప్తు అధికారం చేజారిన కమిషన్‌కు విలీన అనుమతి సమయమే మిగిలిన పట్టు. కాబట్టి అక్కడ పెట్టే లైసెన్సు షరతుకు క్యాలెండరు గడువు కాదు, ఆ సాంకేతికత పేటెంటు ఉన్నంతకాలం గడువుండాలి. నమూనా ఒప్పందాన్ని బహిరంగంగా పెట్టాలి. పార్లమెంటు 2023 తీర్పును చట్ట సవరణతో సరిదిద్దే దాకా ఇంతకంటే దగ్గరి దారి ఢిల్లీలో కనిపించడం లేదు.

హైదరాబాద్‌లో మాత్రం ఒకటుంది. జన్యు పంటల క్షేత్ర పరీక్షలకు రాష్ట్ర ప్రభుత్వ నిరభ్యంతర పత్రం కావాలి. గులాబీ రంగు పురుగును తట్టుకుంటుందన్న బయోసీడ్ కంపెనీ కొత్త పత్తిని మన రంగారెడ్డి జిల్లా జన్వాడలో పరీక్షిస్తామని ప్రతిపాదన వచ్చినప్పుడు 2023లో తెలంగాణ వాయిదా కోరింది. ఒప్పుకున్నా, కాదన్నా చర్చ అంతా జీవ భద్రత చుట్టూనే తిరిగింది. ఈసారి అలాంటి దరఖాస్తు సచివాలయానికి వచ్చినప్పుడు వ్యవసాయ శాఖ ఇంకో కాగితం కూడా జతచేయమని అడగవచ్చు: ఈ జన్యువును రేపు ఏ షరతుల మీద, ఎవరెవరికి, ఎంతకు లైసెన్సు ఇస్తారో ఆ ఒప్పందం ప్రతి.